సాండర్ కెమెరా ముందు నిలబడ్డవాళ్లు

తెల్లటి పొడవాటి కోటు, నున్నగా గొరిగిన గుండు, మీసం, గుండ్రటి కాయం. ఒక చేతిలో పెద్ద గిన్నె, రెండో చేతిలో గరిటె. వంటగదిలో నిలబడి నేరుగా మన వంక చూస్తున్నాడు. నవ్వడం లేదు, అలాగని కోపంగానూ లేడు. పనిలో ఉండగా ఎవరో పిలిస్తే ఆగాడు కానీ గిన్నె మాత్రం కింద పెట్టలేదు. 1928లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఆగస్ట్ సాండర్ తీసిన ఫొటో ఇది. దానికి ఆయన పెట్టిన శీర్షికలో ఆ మనిషి పేరు లేదు. కేకులూ మిఠాయిలూ చేసేవాడని చెప్పే వృత్తి పేరు ఒక్కటే ఉంది.

మనుషుల ఫొటోలతో తమ కాలాన్ని రికార్డు చేయాలనుకునే వాళ్లకు గురువులు మొదట చూపించే పనుల్లో సాండర్‌ది ఒకటి. ఆయన నుంచి ప్రేరణ పొందమంటారు. సరే, ఏం తీసుకోవాలి? చాలామంది తీసుకునేది పైపూత: నలుపు తెలుపు, బిగుసుకున్న మొహం, ఫ్రేము మధ్యలో నిటారుగా మనిషి. ఫోన్లో ఒక ఫిల్టర్ నొక్కితే ఇంతవరకూ వచ్చేస్తుంది. ఆ మిఠాయి వంటవాడి చూపు మాత్రం రాదు. ఆ చూపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే సాండర్ పని చేసిన తీరును కాస్త దగ్గరగా చూడాలి.

సాండర్ 1876లో హెర్‌డోర్ఫ్ అనే ఊళ్లో పుట్టాడు. అది ఇనుప గనుల ప్రాంతం. తండ్రి గనిలో వడ్రంగి. కొడుకు కూడా చిన్న వయసులోనే గని దగ్గర పనికి కుదిరాడు. అక్కడికి ఫొటోలు తీయడానికి వచ్చిన ఒకాయనకు సాయపడుతూ కెమెరా రుచి మరిగాడు. బంధువొకరు డబ్బు సర్దితే సొంత కెమెరా కొన్నాడు. తప్పనిసరి సైనిక సేవ, ఊరూరా స్టూడియోల్లో కొలువులు అయ్యాక ఆస్ట్రియాలోని లింట్స్ పట్టణంలో స్టూడియో నడిపాడు. అక్కడ ఆయన పని ఆ రోజుల్లో అందరూ చేసే పనే. ఫొటోను పెయింటింగులా మెత్తగా, మసకగా కనిపించేలా గమ్ ప్రింటు పద్ధతిలో తయారుచేయడం అప్పటి ఫ్యాషన్. కలిగినవాళ్లు తమ మొహాలు అలా ఉండాలనే కోరుకునేవారు. ఇప్పుడు ఫోన్లోని బ్యూటీ మోడ్ చేస్తున్న పనిని అప్పట్లో చేత్తో చేసేవారన్నమాట.

1910 ప్రాంతంలో సాండర్ కుటుంబంతో కొలోన్‌కు మారాడు. కొత్త ఊరు, గిరాకీ తక్కువ. అందుకని ఆదివారాలు కెమెరా కట్టుకుని సైకిలెక్కి వెస్టర్‌వాల్డ్ కొండ పల్లెలకు వెళ్లేవాడు. అవి తను పుట్టిన ప్రాంతానికి పక్కనే ఉన్న పల్లెలు. అక్కడి మనుషుల తీరు ఆయనకు తెలుసు. వృద్ధ దంపతులు, పెళ్లయిన జంటలు, పిల్లాపాపలతో కుటుంబాలు ఆయన ముందు నిలబడి ఫొటోలు దిగారు.

డాక్యుమెంటరీ ఫొటో అనగానే మనకు ఒక దృశ్యం తోస్తుంది. కెమెరా ఉన్నవాడు ఎక్కడికో వెళతాడు, లేనివాళ్ల బతుకును ఫొటో తీస్తాడు, తీసుకుని వెళ్లిపోతాడు. ఫొటోలో ఉన్నవాళ్లకు ఆ ఫొటో చూసే యోగం కూడా ఉండదు. సాండర్ రైతుల ఫొటోలకు మూలం ఇలాంటిది కాదు. చాలావాటికి ఆ రైతులే డబ్బులిచ్చారు. అవి వాళ్ల ఇంటి గోడకు వెళ్లాల్సిన ఫొటోలు. కాబట్టి పెట్టెలోంచి మంచి బట్టలు తీసి వేసుకున్నారు. ఎవరు కూర్చోవాలి, ఎవరు వెనక నిలబడాలి, చేతిలో బైబిలు ఉండాలా వద్దా అన్న విషయాల్లో వాళ్లకంటూ ఒక అభిప్రాయం ఉంటుంది. డబ్బిచ్చి దిగేవాడు తనకు గౌరవమనిపించే తీరులోనే నిలబడతాడు, ఫొటోగ్రాఫరు అతన్ని దీనంగా కూర్చోబెట్టలేడు. అవే నెగెటివ్‌లు ఆ తర్వాత సాండర్ తలపెట్టిన ఒక పెద్ద పథకంలో మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. నా మటుకు నాకు ఆయన పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. ఆ ఫొటోల్లోని నిబ్బరం సగం ఆయన ప్రతిభ, సగం ఆ ఒప్పందం పుణ్యం.

ఇక పనిముట్ల సంగతి. చేతిలో ఇమిడే లైకా కెమెరా 1925లో మార్కెట్లోకి వచ్చింది. వీధుల్లో పరుగెత్తుతూ ఫొటోలు తీసే కొత్త తరం దాన్ని అందిపుచ్చుకుంది. సాండర్ మాత్రం గాజు పలకల కెమెరానే పట్టుకుని ఉన్నాడు. ముక్కాలి స్టాండు మీద పెట్టి, వెనక నల్లగుడ్డ కప్పుకుని, అద్దం మీద తలకిందులుగా కనిపించే బొమ్మను చూసి ఫోకస్ సరిచేయాలి. ఆ తర్వాత గాజు పలక దోపితే ఇక లెన్సులోంచి చూడటానికి వీలుండదు. ఫొటోగ్రాఫరు గుడ్డలోంచి బయటికొచ్చి కెమెరా పక్కన నిలబడతాడు. లెన్సు తెరిచాక కొన్ని సెకన్లపాటు అవతలి మనిషి కదలకుండా ఉండాలి.

ఆ కొన్ని సెకన్లే అసలు కీలకం. అంతసేపు నవ్వును పట్టి ఉంచడం కష్టం, రెండో సెకనుకే అది ముడుచుకుపోతుంది. బలవంతపు గాంభీర్యం కూడా ఎక్కువసేపు నిలవదు. మనిషి తనకు అలవాటైన నిలుపులోకి, అలవాటైన మొహంలోకి దిగిపోతాడు. తను ఎలా కనిపించాలనుకుంటున్నాడో, నిజానికి ఎలా ఉంటాడో రెండూ ఒకే పలక మీద పడతాయి. చేతులు చూడండి. సాండర్ ఫొటోల్లో మొహం తర్వాత ఎక్కువ మాట్లాడేవి చేతులే. పొలం పనితో కాయలు కాసిన చేతులు ఆదివారపు కోటు అంచుల్లోంచి బయటికొచ్చి ఎక్కడ ఆగాలో తెలియక ఆగినట్టుంటాయి. బ్రిటిష్ రచయిత జాన్ బెర్జర్ ఈ సూట్ల మీదే ఒక వ్యాసం రాశాడు. కూర్చుని అధికారం చేసేవాళ్ల ఒంటికి తగ్గట్టు పుట్టిన దుస్తులు, ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల ఒంటి మీద ఎలా అతకవో అందులో వివరించాడు.

1920ల మొదట్లో సాండర్‌కు కొలోన్‌లోని ప్రగతిశీల చిత్రకారులతో, ముఖ్యంగా ఫ్రాంజ్ విల్హెల్మ్ సైవెర్ట్‌తో స్నేహం కుదిరింది. వాళ్లకు మసక మసక అందాల మీద గౌరవం లేదు. ఆ సావాసంలో సాండర్ గమ్ ప్రింటు వదిలేసి, మామూలుగా సాంకేతిక ఫొటోలకు వాడే నున్నటి నిగనిగల కాగితం మీద ప్రింట్లు తీయడం మొదలుపెట్టాడు. తను ఎప్పుడో తీసిన రైతుల నెగెటివ్‌లను కూడా ఆ కాగితం మీద మళ్లీ కడిగాడు. ముడతలు, కోటు నేతలోని పోగులు, గోళ్ల కింద మట్టి అన్నీ తేటగా వచ్చాయి. ఆనాటి ప్లేట్లలో చాలావాటికి ఎరుపు రంగు అంతగా ఆనదు. ఎండకు ఎర్రబారిన చర్మం, మచ్చలు ఉన్నదానికన్నా నల్లగా పడతాయి. అలా ప్రతి మొహం మీదా వాతావరణం, వయసు అచ్చయ్యాయి. అవసరానికి తీసిన పాత ఫొటోల్లో ఇంత ఉందని ఆయనకే అప్పుడు తెలిసొచ్చి ఉండాలి.

అప్పటికి ఆయన మనసులో ఒక పెద్ద పథకం రూపు కట్టింది. పేరు ఇరవయ్యో శతాబ్దపు మనుషులు. ఒక సమాజాన్ని మొత్తంగా, మనుషుల ఫొటోలతోనే చూపించాలి. ఏడు విభాగాలు: రైతు, చేతివృత్తివాడు, స్త్రీ, వర్గాలు-వృత్తులు, కళాకారులు, మహానగరం, చివరిగా అందరూ మరిచిన కడపటి మనుషులు. వీటిలో 45 సంచికలు, ఒక్కోదాంట్లో 12 ఫొటోల చొప్పున ఉండాలని ఆయన లెక్క. నేల నుంచి మొదలై నగరంలోకి ఎక్కి, మళ్లీ దిక్కులేనితనంలోకి దిగే వరస అది. 1929లో నమూనాగా 60 ఫొటోలతో ఒక పుస్తకం వేశాడు. పేరు, కాలపు ముఖం. నవలాకారుడు ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ ముందుమాట రాశాడు. శరీరాలను పక్కపక్కన పెట్టి పోల్చి చదివే శాస్త్రం ఉన్నట్టే ఇది మొహాలను పోల్చి చదివే పని అన్నది ఆయన వాదన. రెండేళ్ల తర్వాత విమర్శకుడు వాల్టర్ బెన్యామిన్ ఈ పుస్తకాన్ని మనుషుల మొహాలు చదవడం సాధన చేసుకునే అట్లాసుగా చూడాలన్నాడు.

అట్లాసును ఒక్క పేజీ చించుకుని చదవం కదా. సాండర్‌ను ప్రేరణగా తీసుకునేవాళ్లు తరచూ తప్పిపోయేది ఇక్కడే. ఆయన ఫొటోలు విడివిడిగా బాగుంటాయి, కలిపి చూస్తే వాదిస్తాయి. భుజాల వెనక పలక మీద ఇటుకలు పేర్చుకుని మోసే కూలీ 1928లో తీసిన ఫొటోలో ఎంత ఠీవిగా ఉంటాడంటే, కుర్చీలో కూర్చున్న ఏ పెద్దమనిషి దర్జా అయినా అతని పక్కన కాస్త తేలిపోతుంది. అదే ఏడాది తీసిన నిరుద్యోగి, టోపీ చేతిలో పట్టుకుని వీధి మూల నిలబడ్డవాడు, ఆ 60 ఫొటోల పుస్తకంలో చివర వస్తాడు. రైతులతో మొదలైన పుస్తకం అతని దగ్గర ఆగింది. తర్వాతి కొన్నేళ్లలో జర్మనీకి ఏమైందో తెలిసినవాళ్లకు ఆ క్రమం ఊరికే పెట్టింది కాదనిపిస్తుంది.

అయితే తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక ఇబ్బంది కలగాలి, కలగకపోతేనే ఆశ్చర్యం. మనుషుల్ని వృత్తిని బట్టి గదులుగా విడదీసి, పేరు తీసేసి, వృత్తి పేరు అంటించడం మనకు కొత్త కాదు. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాల గ్రంథం వేశాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాల కులాలెన్నో అందులో ఉన్నాయి. మనుషుల తలలు, ముక్కులు కొలతలు తీసి రాసుకున్నాడు, ఫొటోలు అచ్చువేశాడు. అందులోని మనిషి తన కులానికి నమూనా, అంతే. అతనికంటూ ఏదైనా ఉంటే అది లెక్కలోకి రాదు. సాండర్ కూడా నమూనాలు అనే మాటే వాడాడు. మరి తేడా ఎక్కడ?

తేడా ఉద్దేశంలో వెతికితే దొరకదని నా అభిప్రాయం. సాండర్‌కూ వర్గీకరణ పిచ్చి ఉంది, మనిషి మొహం అతని పనిని, కాలాన్ని చెబుతుందన్న ఆనాటి నమ్మకం ఆయనకూ ఉంది. తేడా ఆయన కెమెరా ముందు జరిగినదాంట్లో ఉంది. నిలబడే హక్కు అవతలివాడి చేతుల్లో ఉండటంతో, శీర్షిక ఒకటి చెబితే మనిషి ఇంకొకటి చెబుతాడు. 1926లో తీసిన ఒక ఫొటో శీర్షిక ప్రకారం ఆమె చిత్రకారుడు పీటర్ ఆబెలెన్ భార్య. ఫొటోలో ఉన్నామె పొట్టి జుట్టు వెనక్కి దువ్వి, తెల్ల చొక్కా, టై, వదులు ప్యాంటు వేసుకుని, పళ్ల మధ్య సిగరెట్టు పెట్టుకుని అగ్గిపుల్ల గీయబోతోంది. ఫలానావారి భార్య అన్న గదిలో ఆమె ఇమడదు. స్త్రీ అనే విభాగాన్ని సాండర్ ఎక్కువగా భర్తతో స్త్రీ, బిడ్డతో స్త్రీ, కుటుంబం అంటూ బంధాలను బట్టే విడదీశాడు, పని చేసుకునే స్త్రీలకు మిగిలింది ఒక్క సంచికే. ఇది ఆయన పథకంలో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం. దాన్ని ఆ ఫొటోలో ఉన్నావిడే సరిదిద్దిందనాలి.

ఇంకో ఉదాహరణ ఆయన ఫొటోలన్నిటిలో పేరుపడ్డది. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు, పొలాల మధ్య మట్టి దారిలో ముగ్గురు కుర్రాళ్లు సూట్లు, టోపీలు, చేతికర్రలతో డాన్సుకు వెళుతూ ఆగి, తల తిప్పి చూస్తారు. ఒకడి నోట్లో సిగరెట్టు, టోపీ ఓరగా ఉంటుంది. యువ రైతులు అని శీర్షిక. తర్వాతి పరిశోధకులు తీగ లాగితే, వాళ్లకు జీతం ఇచ్చింది ఆ ప్రాంతపు ఇనుప గని అని తేలింది. సాండర్‌కు తెలిసి అలా రాశాడో, పట్టించుకోలేదో గాని, గని ఊళ్లో పుట్టినవాడు గని కుర్రాళ్లను రైతుల పెట్టెలో వేశాడు. బెర్జర్ సూట్ల వ్యాసం చర్చించే ఫొటోల్లో ఇదొకటి. శీర్షిక తప్పినా ఆ కుర్రాళ్ల ఠీవి చెక్కుచెదరలేదు. ఫొటో బలం శీర్షిక మీద ఆధారపడి లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. జర్మనీ మొహం ఇలా రకరకాలుగా ఉంటుందని చూపే పుస్తకం వాళ్లకు గిట్టలేదు. 1936లో కాలపు ముఖం అచ్చు పలకలను ధ్వంసం చేసి, మిగిలిన ప్రతులు జప్తు చేశారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. పెద్ద కొడుకు ఎరిక్ సోషలిస్టు కార్మిక పార్టీ సభ్యుడు. 1934లో అతన్ని పట్టుకుని పదేళ్ల జైలు వేశారు. శిక్ష ముగిసే దశలో, 1944లో, జైల్లోనే జబ్బుపడి సరైన వైద్యం అందక చనిపోయాడు.

ఈ కాలంలో సాండర్ చేసిన పని చూస్తే ఆయన పద్ధతి వెనక ఉన్న మొండితనం తెలుస్తుంది. 1938 ప్రాంతంలో కొలోన్‌లోని యూదులు గుర్తింపు పత్రాల కోసం, దేశం దాటే ప్రయత్నాల కోసం ఫొటోలు దిగాల్సి వచ్చింది. కొందరు సాండర్ స్టూడియోకు వచ్చారు. మళ్లీ అవసరానికి దిగిన ఫొటోలే. సాదా గోడ ముందు కూర్చోబెట్టి, రైతుల్ని తీసినంత శ్రద్ధగా తీశాడు. వాటిని మహానగరం విభాగంలో పీడితులు అన్న పేరుతో చేర్చాడు. యూనిఫారం వేసుకున్న నాజీలు కూడా ఆయన ముందు నిలబడ్డారు, వాళ్లకూ వర్గాలు-వృత్తుల్లో ఒక సంచిక ఉంది. ఎరిక్ జైల్లో ఫొటోగ్రాఫరుగా పని చేస్తూ తీసిన రాజకీయ ఖైదీల ఫొటోలూ ఈ పథకంలో చోటుచేసుకున్నాయి. ఎరిక్ చనిపోయాక మొహం మీద తీసిన అచ్చు ఫొటో కూడా ఇందులో ఉంది. అందరికీ అదే వెలుగు, అదే దూరం. నాజీని వికారంగా, బాధితుణ్ని దీనంగా చూపించే ప్రయత్నం ఎక్కడా లేదు. ఇది తటస్థత కదా అని కొందరు అడుగుతారు. ఆ సంచికలను పక్కపక్కన పెట్టి ఎవరు ఎవర్ని ఏం చేశారో గుర్తుచేసుకుంటే, తటస్థత అనే మాట నోటికి రాదు.

బాంబుల భయంతో సాండర్ పదివేలకు పైగా నెగెటివ్‌లను వెస్టర్‌వాల్డ్‌లోని కూఖ్‌హౌజెన్ అనే పల్లెకు చేరవేశాడు. కొలోన్ స్టూడియో 1944లో బాంబు దాడిలో పోయింది. నేలమాళిగలో దాచిన పాతిక ముప్పై వేల నెగెటివ్‌లు యుద్ధం అయిపోయాక, 1946లో, మంటల్లో కాలిపోయాయి. 1964లో ఆయన చనిపోయేనాటికి పథకం పూర్తికాలేదు. కొడుకు గుంటర్ దాన్ని కాపాడాడు. ఆ తర్వాత ఆ భాండాగారం కొలోన్‌లోని ఒక సాంస్కృతిక సంస్థకు చేరింది. 2002 నాటికి 619 ఫొటోలతో ఏడు సంపుటాలు వెలువడ్డాయి.

ఆయన తర్వాతివాళ్లు ఆయన దగ్గర తీసుకున్నవి ఒకదానికొకటి పోలవు. ఫొటోగ్రాఫర్లు బెర్న్‌ట్, హిల్లా బెషర్ దంపతులు ఫ్రేములోంచి మనుషుల్నే తీసేశారు. బెర్న్‌ట్ పుట్టిన జీగెన్ పట్టణం సాండర్ పుట్టిన ఊరికి దగ్గరే. మూతపడుతున్న గనుల గోపురాలు, నీళ్ల ట్యాంకులు, కొలుములను మబ్బు పట్టిన వెలుగులో ఒకే కోణంలో తీసి, వరసలుగా పేర్చారు. అట్లాసు అనే ఆలోచనను తీసుకున్నారన్నమాట. డచ్ ఫొటోగ్రాఫర్ రినేకె డైక్‌స్ట్రా 1990లలో సముద్రపు ఒడ్డున ఈత దుస్తుల్లో ఉన్న టీనేజీ పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టి తీసింది. తన ఒళ్లు తనకే కొత్తగా ఉన్న వయసులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఆ నిలుపు సాండర్ రైతులకు దగ్గరి చుట్టం. ఫొటోలు రంగుల్లో ఉంటాయి, ఫ్లాష్ ఉంటుంది. పైపూత ఏమీ పోలకపోయినా వారసత్వం తెలిసిపోతుంది.

ఫోన్ ఉన్న మామూలు మనిషి ఏం చేయొచ్చు? దూరం వెళ్లనక్కర్లేదు, ఒక వీధి చాలు. టైలరు, పాల కేంద్రం నడిపే ఆవిడ, ఆర్‌ఎంపీ డాక్టరు, మీసేవ కౌంటర్లో కుర్రాడు, డ్రోన్‌తో పురుగుమందు కొట్టే అబ్బాయి. అడక్కుండా తీయకండి. ఎక్కడ నిలబడతారో, చేతిలో ఏం పట్టుకుంటారో వాళ్లనే చెప్పమనండి. ఎండలో కాకుండా వాకిట్లో నీడపట్టున, తల నుంచి కాళ్ల దాకా వచ్చేంత దూరంలో, ఫోన్ ఛాతీ ఎత్తున పట్టుకుంటే పై నుంచి చిన్నచూపు చూసినట్టు ఉండదు. ఫోన్ క్షణంలో తీసేస్తుంది కాబట్టి ఆ కొన్ని సెకన్లు మనమే కల్పించాలి. ఒక ఫొటో తీశాక ఫోన్ దించకుండా ఊరుకుని చూడండి, నవ్వు దిగిపోయాక రెండోది తీయండి. తర్వాత కడిగించి ఒక కాగితపు ప్రింటు చేతికివ్వండి. ఇది మర్యాద కోసమే అనుకోవద్దు. ప్రింటు ఇంటి గోడకు వెళుతుందని ముందే తెలిస్తే మనిషి నిలబడే తీరు మారుతుంది.

ఇక మిగిలింది కింద ఏం రాయాలన్న చిక్కు. ఇప్పుడు మన పల్లెల్లో ఒకే మనిషి పొద్దున కౌలు చేను చూసుకుంటాడు, మధ్యాహ్నం ఆటో తోలతాడు, సాయంత్రం ఇన్సూరెన్సు పాలసీలు కట్టిస్తాడు. సాండర్ అయితే ఏదో ఒక పెట్టెలో వేసేవాడు. మనం ఆ మనిషినే అడగొచ్చు, పేరు వేయాలా వద్దా అన్నది కూడా. గోడ మీద ఒకలా, నలుగురూ చూసేచోట ఇంకోలా కావాలన్నాడనుకోండి, రెండు ఫొటోలు తీయండి.